డ్యూటీ దిగి ఇంటికొచ్చాక



పొద్దున ఆరింటికి పటాన్‌చెరు దగ్గర ముంబై హైవే మీద నిలబడితే కంపెనీ బస్సులు బారులు తీరి కనిపిస్తాయి. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు ఒకవైపు, పొద్దుటి డ్యూటీ ఎక్కేవాళ్లు మరోవైపు. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, ఎటు వెళ్లినా ఇదే సందడి. 1960లలో రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో బతుకు షిఫ్టుల లెక్కన నడుస్తోంది. ఆ తర్వాత మందుల కంపెనీలు వచ్చాయి, రసాయనాల కంపెనీలు వచ్చాయి, 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. తాత, తండ్రి, కొడుకు వరసగా డ్యూటీలు చేసిన ఇళ్లున్నాయి ఇక్కడ. ఆ ఇళ్లల్లో మనసులో ఉన్న మాట ఎంతవరకు నోటిదాకా వస్తోందన్నదే ఈరోజు నా ప్రసంగం. అయితే ముందు కంపెనీ లోపల జరిగే మాటల గురించి కొంచెం చెప్పాలి.

షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పని అప్పజెప్పాలి. రియాక్టర్‌లో బ్యాచ్ ఏ దశలో ఉంది, టెంపరేచర్ ఎంత ఉంది, ఏ వాల్వు మూసి పెట్టారు, ఏ పంపు రిపేరులో ఉంది, అన్నీ నోటితో చెప్పాలి, లాగ్‌బుక్‌లో రాయాలి, కింద సంతకం పెట్టాలి. "అంతా మంచిగనే ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చి బస్సెక్కడం అక్కడ కుదరదు, కుదరకూడదు. ఎందుకు కుదరకూడదో ప్రపంచానికి చాలా కఠినంగా తెలిసివచ్చిన రాత్రి ఒకటుంది. 1988 జూలై 6. స్కాట్లాండ్‌కు దూరంగా ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం ఉండేది. పగటి షిఫ్టువాళ్లు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం విప్పారు. పని పూర్తికాలేదు. ఆ సంగతి రాత్రి షిఫ్టువాళ్లకు చేరలేదు. రాత్రి రెండో పంపు మొరాయించింది. వాల్వు లేదని తెలియక మొదటి పంపును నడిపించారు. గ్యాస్ బయటికొచ్చి అంటుకుంది. 167 మంది చనిపోయారు. ఒక మనిషికి తెలిసిన విషయం పక్క మనిషికి చేరకపోవడం ఆ ఘోరానికి ఒక ముఖ్య కారణమని తర్వాత జరిగిన విచారణలో తేలింది.

ఇంత జాగ్రత్తగా మాట అప్పజెప్పడం నేర్చిన మనిషి బస్సు దిగి ఇంటికొస్తాడు. భార్య మొహం చూసి అడుగుతుంది.

"ఏమైందయ్యా, గట్లున్నవ్?"

"ఏం కాలే. నిద్ర."

"తింటవా?"

"తర్వాత తింటలే."

అతను పడుకుంటాడు. ఆమె గిన్నెలు సర్దుకుంటుంది. ఆ రాత్రి పక్కన పనిచేసే హెల్పర్ చేతి మీద యాసిడ్ పడింది. వచ్చే నెల నుంచి పది మందిని తీసేస్తున్నారని కాంట్రాక్టర్ చెప్పిపోయాడు. ఇవేవీ ఆమెకు తెలియవు. ఇంటి ఓనరు కిరాయి పెంచుతానన్నాడని, ఆమె నెల రోజులుగా నడుము నొప్పితో వంగలేకపోతోందని అతనికీ తెలియదు. సాయంత్రం అతను లేచి "నువ్వు మంచిగనే ఉన్నవా?" అని అడిగితే ఆమె జవాబు కూడా అదే. "నాకేమైంది, మంచిగనే ఉన్న."

దీన్ని అబద్ధమని నేననను. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి మీద ఇంకో బరువు ఎందుకని ఆమె అనుకుంటుంది. అసలే నా డ్యూటీ అంటే భయపడుతుంది, ఇంకా భయపెట్టడమెందుకని అతను అనుకుంటాడు. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలి.

మాటను నేరుగా చెప్పకుండా అర్థమయ్యేట్టు చేయడం మనకు వెయ్యేళ్లకు పైబడి ఉన్న విద్య. శాతవాహన రాజు హాలుడి పేరుతో నిలిచిన గాథాసప్తశతిలో పల్లె స్త్రీలు ఒకటి చెప్పి ఇంకొకటి తెలిసేలా చేస్తారు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం చెబుతూ ఆ గాథల్లోంచే ఉదాహరణలు ఎత్తుకున్నాడు. అందులో ఒకదానికి మన గోదావరి ఒడ్డే చోటు. తాను ప్రియుణ్ణి కలుసుకునే పొదరింటివైపు రోజూ వచ్చే ఒక భక్తుడితో ఒక స్త్రీ మాట్లాడుతుంది. ఆయన్ను భయపెట్టే కుక్క పీడ విరగడైందని, దాన్ని చంపింది ఆ పొదల్లో ఉండే సింహమని చెబుతుంది. పైకి అది ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. ఆ భక్తుడు మాత్రం మళ్లీ ఆ ఛాయలకు పోడు. ఇంత సొగసైన పద్ధతిని వదులుకోమని నేనెందుకంటాను? కొత్త పెళ్లికూతురు బావ ముందు అనే మాటల్లో, నానమ్మ మనవడిని ఆటపట్టించే మాటల్లో ఆ సొగసు ఉండాల్సిందే.

అయితే ఆలంకారికులు ఒక షరతు పెట్టారు. వినేవాడు సహృదయుడై ఉండాలన్నారు. మాట వెనక మాటను పట్టుకునే తీరిక, చురుకు అతనికి ఉండాలి. రాత్రంతా సెంట్రిఫ్యూజ్‌ల హోరులో నిలబడి, మాస్కు వెనక చెమటలు కక్కి వచ్చిన మనిషి దగ్గర పొద్దున ఏడింటికి ఆ చురుకు ఎక్కడినుంచి వస్తుంది? రెండిళ్లల్లో పాచిపని చేసి, పిల్లల్ని బడికి పంపి, నీళ్ల ట్యాంకర్ దగ్గర నిలబడి వచ్చిన ఆడమనిషిని ఆయన మౌనంలోని అర్థం పట్టుకోలేదేమని అడగడం న్యాయమా? అడగందే అమ్మయినా పెట్టదని మన సామెతే చెబుతోంది. అలసిన ఇంట్లో సూచనలు ఎవరికీ అందవు. ప్రాణానికి, ఒంటికి, అప్పుకు, పిల్లల బతుకుకు సంబంధించిన సంగతుల్ని అందుకే విడమరచి చెప్పుకోవాలంటున్నాను.

ముందు ప్రాణం సంగతి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడును ఈ జిల్లాలో ఎవరూ మరవలేదు. 50 మందికి పైగా పోయారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. చాలామందిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. గేటు ముందు, ఆస్పత్రి ముందు రోజుల తరబడి కూర్చున్న కుటుంబాలను మనమంతా చూశాం. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన ఒక సంగతి నా మనసులో నిలిచిపోయింది. చనిపోయిన ఒక కార్మికుడి కుమారుడు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో, యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి యాజమాన్యానికి ఎన్నోసార్లు చెప్పాడని రాశాడు. దాని నిజానిజాలు తేల్చాల్సింది దర్యాప్తు, కోర్టు. నేను చెప్పేది ఇంకో సంగతి. ఆ కొడుకు ఆ మాట రాయగలిగాడంటే తండ్రి పని సంగతులు ఇంట్లో వాళ్లకు తెలుసన్నమాట. ఆ ఇంట్లో "అంతా మంచిగనే ఉంది" అన్న జవాబుతో మాట ఆగలేదు. అలా ఆగి ఉంటే ఆ తండ్రి చూసింది, భయపడింది, చెప్పి చూసింది, ఏదీ ఇవాళ కాగితం మీద ఉండేది కాదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ఒక హక్కు చేర్చారు. ప్రమాదం ముంచుకొస్తోందని కార్మికుడికి గట్టిగా అనిపిస్తే యాజమాన్యం దృష్టికి తీసుకెళ్లవచ్చు, వాళ్లు దాన్ని పట్టించుకుని తీరాలి. హక్కు కాగితం మీద ఉండటం వేరు, ఉద్యోగం పోతుందన్న భయంతో బతికే కాంట్రాక్టు కూలీ దాన్ని నోట పలకడం వేరు. ఆ ధైర్యం రావాలంటే ముందు ఎక్కడో ఒకచోట ఆ మాట బయటికి రావాలి. భార్య దగ్గరో, తమ్ముడి దగ్గరో, రూములో పక్కన పడుకునే మిత్రుడి దగ్గరో "ఆ డ్రయ్యర్ చప్పుడు మారింది, నాకు భయమైతాంది" అని ఒకసారి అనుకున్న మనిషి మర్నాడు సూపర్‌వైజర్ ముందు ఆ మాట అనగలడు.

ఒంటి సంగతి కూడా ఇంతే. దగ్గు వస్తుంది, చర్మం మీద దద్దుర్లు వస్తాయి, కళ్లు మండుతాయి. మెడికల్ షాపుకు పోయి రెండు గోలీలు తెచ్చుకుంటారు. డాక్టరు దగ్గరికి పోయినా దగ్గు అంటారే తప్ప ఏ పౌడరు మోస్తున్నారో, ఏ సాల్వెంట్ పక్కన ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో చెప్పరు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారిని పెద్దవాళ్లు గుర్తుచేసుకుంటారు. నక్కవాగు చుట్టుపక్కల ఊళ్ల జబ్బులను, వాగులో కలుస్తున్న కంపెనీల నీళ్లను కలిపి చూసి జీవితమంతా పోరాడిన వైద్యుడు ఆయన. ఈ ప్రాంతపు కాలుష్యం 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఎంత గొప్ప వైద్యుడైనా రోగి నోరు విప్పితేనే కదా ఒకదానికొకటి ముడివేసి చూడగలిగేది. రోగి ఒంట్లో మార్పు మొదట కనిపించేది ఇంట్లోవాళ్లకు. రాత్రి ఎన్నిసార్లు దగ్గాడో భార్యకు తెలుసు. అమ్మ మెట్లెక్కలేక మధ్యలో ఎందుకు ఆగుతోందో కూతురికి తెలుసు. తెలిసీ ఇద్దరూ ఊరుకుంటారు, అడిగితే కోప్పడతారని.

జీతం 21,000 రూపాయల లోపు ఉండి కంపెనీ ఈఎస్ఐ పరిధిలో ఉంటే ఆ కార్డు భార్యకు, పిల్లలకు, కార్మికుడి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా పనిచేస్తుంది. రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. అది తెలియక ప్రైవేటు ఆస్పత్రిలో అప్పు చేసి వైద్యం చేయించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. కార్డు అతని పర్సులోనే ఉంది. నొప్పి ఆమె నడుములో ఉంది. రెండూ ఒక గదిలోనే ఉన్నాయి.

ఇక కోపం. మన ఇళ్లల్లో సూటిగా బయటపడేది కోపం ఒక్కటేనని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. కోపం కూడా చుట్టుదారినే వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకు కొత్త కాదు. వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. "మీ నాయినకు చెప్పు, బియ్యం అయిపోయినయని" అని ఎదురుగా కూర్చున్న మనిషికి పిల్లవాడి ద్వారా కబురు వెళుతుంది. పాపం, ఆ పిల్లవాడు ఇద్దరి మధ్య బంట్రోతు పని చేస్తూ పెరుగుతాడు. నోరు పెద్దది చేసినప్పుడు కూడా అసలు మాట లోపలే ఉంటుంది. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన భర్తను "ఇల్లు యాదికొచ్చిందా?" అని దులిపే ఆమెను చూడండి. ఆ రెండు గంటలూ ఆమె ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అంబులెన్స్ చప్పుడు వినబడ్డప్పుడల్లా గుండె జారింది. ఆమె చెప్పాల్సింది "నాకు భయమేసింది" అన్న మాట. ఆ మాట వింటే అతను పక్కన కూర్చునేవాడు. విన్నది ఎత్తిపొడుపు కాబట్టి అతనూ ఎత్తిపొడుస్తాడు.

అందుకే "నేను ఉన్నదున్నట్టు మాట్లాడతా, నాకు దాపరికం లేదు" అని గర్వంగా చెప్పుకునేవాళ్లను నేను అంత తొందరగా మెచ్చుకోను. మొహం మీద అనేయడం తేలిక. మన మనసులో నిజంగా ఏముందో మనం వెతుక్కుని, ఎదుటివాళ్లు మోయగలిగినట్టు చెప్పడం కష్టం. "ఎప్పుడూ ఆ ఫోనేనా?" అన్నది తేలిక మాట. "నాతోటి కాసేపు మాట్లాడు" అన్నది కష్టమైన మాట. ఆ రెండోదాంట్లో అడుగుతున్నవాళ్లు కొంచెం చిన్నబోవాల్సి వస్తుంది. అడిగాక కాదంటే ఎట్లా అన్న జంకు ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ బాధాకరం. ఇంటర్ అయిపోయిన బిడ్డను "ఏం చదువుతవ్ బిడ్డా?" అని తండ్రి అడుగుతాడు. "మీ ఇష్టం నాన్నా" అంటుంది. సంబంధం చూసినప్పుడూ అదే జవాబు. మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసుకుని ముహూర్తాలు పెట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ అమ్మాయికి ఇష్టం లేకపోవడం కాదు, ఇష్టం చెబితే ఏమవుతుందో ఆమె చిన్నప్పటి నుంచి చూసింది.

ఇక్కడ మళ్లీ కంపెనీ దగ్గరికి వస్తాను. ప్రమాదం తృటిలో తప్పిపోతే దాన్ని నియర్ మిస్ అంటారు. పైనుంచి స్పానర్ జారిపడింది, ఎవరికీ తగల్లేదు, అయినా రాసి ఇవ్వమంటారు. సేఫ్టీ చూసే ఆఫీసర్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. రాసిచ్చినవాణ్ణి పిలిచి చీవాట్లు పెడితే ఆ రోజు నుంచి కాగితాలు రావు. ప్రమాదాలు తగ్గాయని కాదు, చెప్పేవాళ్లు తగ్గారని. ఇంట్లోనూ అంతే. కొడుకు ఒకరోజు ధైర్యం చేసి "నాన్నా, లెక్కల్లో ఫెయిలైన" అంటాడు. చెంప పగులుతుంది. ఆ తర్వాత మార్కుల కాగితం ఇంటికి రాదు. భర్త ఒకసారి "చీటీ డబ్బులు వాడేసిన" అని ఒప్పుకుంటాడు. అతని అన్నదమ్ముల ముందు, వదినెల ముందు ఆ మాట నెల రోజులు తిరుగుతుంది. ఇక అప్పు సంగతి అప్పులవాడు తలుపు కొట్టేదాకా తెలియదు. నిజం చెప్పమని అడిగే ముందు, పోయినసారి చెప్పినప్పుడు మనం ఏం చేశామో తల్చుకోవాలి. నిజం చెప్పే బాధ్యతలో సగం కన్నా ఎక్కువ వినేవాళ్లదేనని నా నమ్మకం.

ఈ ప్రాంతంలో చాలా కుటుంబాల సంసారం ఫోన్లోనే నడుస్తుంది. భర్త ఇస్నాపూర్‌లో ఒక గదిలో నలుగురితో ఉంటాడు, భార్యాపిల్లలు శ్రీకాకుళంలోనో గంజాంలోనో నారాయణఖేడ్ తండాలోనో ఉంటారు. సాల్వెంట్లు వాడే బ్లాకుల్లోకి ఫోన్ పోనివ్వరు, లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. క్యాంటీన్ టైములో దొరికే పది నిమిషాలే సంసారం. ఆ పది నిమిషాలు "తిన్నవా, తిన్న, పిల్లలు మంచిగున్నరా, ఉన్నరు, పైసలు పంపిన, వచ్చినయ్" అంటూ గడిచిపోతాయి. ఊళ్లో ముసలి తల్లి "మేం మంచిగనే ఉన్నం కొడుకా, ఫికర్ జెయ్యకు" అంటుంది.

ఎదురుగా ఉంటే మొహం చెబుతుంది, చెయ్యి చెబుతుంది. ఫోన్లో అవేవీ లేవు, గొంతు ఒక్కటే. ఇది రేడియోవాళ్లకు బాగా తెలుసు. మన జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది, 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని నడిపేది దళిత మహిళలు. లైసెన్సు రాక ముందు ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. విత్తనాల గురించి, పంటల గురించి, ఇంటి వైద్యం గురించి ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడతారు. మైకు ముందు తల ఊపితే వినేవాళ్లకు తెలియదు. కళ్లతో చెప్పేది కూడా నోటితో చెప్పాలి. మైళ్ల దూరంలో ఉన్న భర్తతో మాట్లాడే భార్యకు కూడా ఆ అలవాటే కావాలి. "పిల్లలు మంచిగున్నరు" అనే బదులు "చిన్నోనికి మూడొద్దుల నుంచి జరం, ఇయ్యాల తగ్గింది, రాత్రి ఒక్కదాన్ని భయపడ్డ" అని చెబితే అతను దూరాన్నుంచి కూడా ఆ ఇంట్లో మనిషి అవుతాడు.

అడిగే తీరు మార్చుకుంటే చెప్పడం సులువవుతుంది. "డ్యూటీ ఎట్లయింది?" అంటే "అయింది" అనే జవాబే వస్తుంది. "ఇయ్యాల ఏ బ్లాకుల ఉన్నవ్? నీతోటి ఎవరున్నరు? ఏం పని చెప్పిన్రు?" అంటే మాట సాగుతుంది. నిద్ర కళ్లతో ఉన్నప్పుడు అడగొద్దు. లేచి చాయ్ తాగేటప్పుడు అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో సలహా ఇవ్వొద్దు. "అందుకే ఆ పని మానేయమన్న" అన్న మాట అసలే వద్దు. విని, విన్నది మళ్లీ చెప్పి చూడండి. "అంటే వచ్చే నెల పని ఉంటదో ఉండదో తెల్వదంటున్నవ్, అంతేనా?" అని. తప్పుగా విన్నామా సరిగా విన్నామా అక్కడే తేలిపోతుంది.

ఈ ప్రసంగం వింటున్న ఇళ్లల్లో ఎవరైనా ఈ రాత్రి డ్యూటీకి బయల్దేరుతుంటే ఒక్క పని చేయండి. ఏ కంపెనీ అన్నది అందరికీ తెలుసు. ఏ బ్లాకు, కాంట్రాక్టర్ పేరేమిటి, సూపర్‌వైజర్ నంబరెంత, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ కాగితాలు ఎక్కడున్నాయి, నామినీగా ఎవరి పేరుంది, ఎవరికెంత బాకీ ఉన్నాం, ఇవి భార్యకు గానీ, అమ్మకు గానీ, ఎదిగిన బిడ్డకు గానీ చెప్పి, రాసి పెట్టి వెళ్లండి. అపశకునమని ఆమె మీ నోరు మూయించవచ్చు. అయినా చెప్పండి. ఆమె కూడా తన నడుము నొప్పి సంగతి మీరు చెప్పులేసుకునే లోపలే చెప్పాలి.